వినాళ గ్రంథుల వ్యాధులు: రోగి పరిశీలన, పరిచర్య

ఒక ఉదాహరణతో పాఠం ప్రారంభిద్దాం. వేకువ నాలుగు గంటల వేళ. అరవై ఏళ్లు దాటిన పెద్దాయన ఒకరు మంచం మీద లేచి కూర్చుని పొంతన లేని మాటలు మాట్లాడుతున్నారు. పిలిస్తే కసురుకుంటున్నారు. ఒంటిమీది బనియను చెమటతో తడిసిపోయింది. ఇంట్లోవారిలో ఒకరు పీడకల అంటారు. మరొకరు రాత్రి తాగి వచ్చారేమో అంటారు. ఇంకొకరు గాలి సోకిందని దిష్టి తీయబోతారు. తెల్లవారిన తరువాత ఆసుపత్రికి పోదామని అందరూ నిశ్చయిస్తారు.

ఆ పెద్దాయన మధుమేహానికి ఇన్సులిన్ తీసుకుంటున్నారు. రాత్రి సూది వేసుకున్నారు కాని, కడుపులో బాగులేదని అన్నం సగంలోనే వదిలి లేచారు. ఈ రెండు సంగతులను జతచేసి చూడగలిగినవారు ఇంట్లో ఒక్కరున్నా, మింగగలిగిన స్థితిలోనే మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు తాగిస్తారు. సాధారణంగా పావుగంటలో ఆయన తేరుకుంటారు. అటువంటివారు లేకపోతే తెల్లవారేసరికి స్పృహ తప్పవచ్చు. మెదడుకు శాశ్వతమైన హాని కలగవచ్చు. ప్రాణమే పోవచ్చు.

వినాళ గ్రంథుల వ్యాధులలో వ్యాధిని నిర్ధారించడానికి ప్రయోగశాల ఉన్నది, మందును నిర్ణయించడానికి వైద్యుడు ఉన్నాడు. కాని రోగిలో వచ్చిన మార్పును అందరికంటే ముందు చూడగలిగేది పక్కన ఉండే మనిషి. ఆసుపత్రిలో ఆ మనిషి నర్సు, వాడలో ఆశా కార్యకర్త, ఇంట్లో కుటుంబ సభ్యులు. ఈ ముగ్గురినీ దృష్టిలో ఉంచుకొని ఈ పాఠం రాయబడింది. నిన్నటి మనిషితో నేటి మనిషిని పోల్చి చూడడమే ఈ పాఠం నేర్పదలచిన ముఖ్య విషయం.

1. వినాళ గ్రంథులు అంటే ఏమిటి?

లాలాజల గ్రంథికి, స్వేద గ్రంథికి నాళాలు ఉంటాయి. అవి తయారుచేసిన ద్రవం నాళం గుండా ఒక చోటికి చేరుతుంది. నాళాలు లేకుండా తమ రసాయనాలను నేరుగా రక్తంలో కలిపే గ్రంథులు వినాళ గ్రంథులు. ఆ రసాయనాలే హార్మోనులు. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి, మెడ ముందుభాగంలో ఉండే అవటు గ్రంథి, దాని వెనుక అంటుకొని ఉండే పార్శ్వావటు గ్రంథులు, మూత్రపిండాలపై టోపీల వలె ఉండే అధివృక్క గ్రంథులు, ఇన్సులిన్ తయారుచేసే క్లోమం, స్త్రీలలో అండాశయాలు, పురుషులలో వృషణాలు వీటిలో ముఖ్యమైనవి. అవటు గ్రంథినే వాడుకలో థైరాయిడ్ అంటున్నాము.

హార్మోను రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది కనుక దాని లోపమైనా, ఆధిక్యమైనా ఒక అవయవానికి పరిమితం కాదు. థైరాయిడ్ హార్మోను తగ్గితే బరువు, గొంతు, చర్మం, నాడి, మలవిసర్జన, ఋతుస్రావం, మనస్సు అన్నీ మారుతాయి. రోగి ఒక్కొక్క లక్షణానికి ఒక్కొక్క మందు తెచ్చుకుంటూ ఏళ్లు గడపవచ్చు. విడివిడిగా కనబడే లక్షణాలను ఒక్కచోట చేర్చి చూడడం పరిశీలనలో మొదటి మెట్టు.

2. పరిశీలన: అడగడం, చూడడం, తాకడం, కొలవడం

అడగవలసినవి: ఇటీవల బరువు పెరిగిందా, తగ్గిందా? తినే తిండిలో మార్పు లేకుండానే మారిందా? దాహం, మూత్రం ఎక్కువయ్యాయా? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు? అందరికీ ఉక్కగా ఉన్నప్పుడు మీకు చలి వేస్తున్నదా, లేక అందరూ దుప్పటి కప్పుకున్నప్పుడు మీకు చెమట పడుతున్నదా? నెలసరి క్రమంగా వస్తున్నదా? ఏ మందులు వాడుతున్నారు? ఈ చివరి ప్రశ్నకు జవాబుగా చీటీ ఒక్కటే చూసి తృప్తిపడరాదు. నాటుమందులు, కీళ్ల నొప్పులకు తెచ్చుకున్న పొడులు, పొరుగువారు ఇచ్చిన మాత్రలు కూడా తెప్పించి చూడాలి.

చూడవలసినవి: ముఖం ఉబ్బు, కళ్లు ముందుకు పొడుచుకు రావడం, మెడలో వాపు, చర్మం పొడిబారడం లేదా నల్లబడడం, మెడ వెనుక, చంకలలో మందమైన నల్లని చారలు, పాదాలపై పుండ్లు, చేతుల వణుకు. సాధ్యమైతే రోగి పాత ఫొటో ఒకటి అడిగి పక్కన పెట్టి చూడాలి. ప్రతిరోజూ చూసేవారికి నెమ్మదిగా వచ్చే మార్పు కనబడదు. ఫొటో దానిని బయటపెడుతుంది.

తాకవలసినవి: నాడి వేగం, చర్మం వెచ్చదనం, మెడలో గడ్డ, ఇన్సులిన్ సూది పొడిచే చోట గట్టిపడిన కండ, పాదాలలో స్పర్శ.

కొలవవలసినవి: బరువు, నడుము చుట్టుకొలత, కూర్చున్నప్పుడు, నిలబడినప్పుడు బీపీ, రక్తంలో చక్కెర, పిల్లలకైతే ఎత్తు. ఒక్కసారి కొలిచిన అంకె కంటే వరుసగా రాసి ఉంచిన అంకెలు ఎక్కువ సంగతి చెబుతాయి.

3. రోగి మాటను సరిగ్గా వినడం

ముద్ఖేడ్ ఆదిలాబాద్ దారి, నాందేడ్ దారి కలిసే రైల్వే జంక్షను. 1956 వరకు ఈ ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. ఇటువంటి చోట రోగి ఒక భాషలో బాధ చెప్పుకుంటే, నర్సు మరొక భాషలో రాసుకోవడం, వైద్యుడు ఇంకొక భాషలో అడగడం మామూలే. వినాళ గ్రంథుల వ్యాధులలో పరిశీలన సగం రోగి మాటమీదే ఆధారపడుతుంది కనుక మాట తారుమారైతే పరిశీలన తారుమారవుతుంది.

ఒక మాట చూడండి. తెలుగువారికి చక్కెర అంటే పంచదార, ఆ పేరుతో మధుమేహం కూడా. మరాఠీలో, ఉర్దూలో చక్కర్ అంటే కళ్లు తిరగడం. తెలుగు అవ్వ “నాకు చక్కెర ఉంది” అంటే, మరాఠీ వినే చెవికి కళ్లు తిరుగుతున్నాయని తోచవచ్చు. మరాఠీలో పంచదారను సాఖర్ అంటారు. అందుచేత ఆసుపత్రిలో “షుగర్ జబ్బు” అని గాని “మధుమేహం” అని గాని చెప్పడం మేలు. మధుమేహమనే మాట తెలుగులోను, మరాఠీలోను ఒక్కటే.

ఇంకొన్ని మాటలు గుర్తుంచుకోదగినవి. మనం తిమ్మిరి అనేదానిని మరాఠీలో ముంగ్యా యేణే అంటారు, చీమలు పాకినట్లు ఉండడమని భావం. చెమటకు మరాఠీలో ఘామ్, ఉర్దూలో పసీనా. దాహానికి తహాన్, ప్యాస్. మూత్రానికి లఘ్వీ, పేషాబ్. నీరసానికి థక్వా, కమ్జోరీ. మెడవాపుకు మరాఠీలో గల్‌గండ్. దుబాసీగా చిన్నపిల్లలను నిలబెట్టడం తగదు. నెలసరి, ప్రసవం, దాంపత్యం వంటి విషయాలు వారి ముందు రోగి చెప్పుకోలేరు. చెప్పకపోతే పరిశీలన అసంపూర్ణమవుతుంది.

4. వేళ్లతో తాకి తెలుసుకున్న పాఠం

చూడడం, తాకడం ఎంత దూరం తీసుకుపోగలవో చెప్పడానికి మన దేశంలోనే గొప్ప నిదర్శనం ఉన్నది. శ్రీకాకుళంలో 1921లో జన్మించి, విశాఖపట్టణం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి హిమాలయ పాదప్రాంతమైన కాంగ్రా లోయలో గాయిటర్ వ్యాధిపై పరిశోధన నడిపారు. అక్కడ మెడవాపు ఇంటింటా కనబడేది. 1956లో మొదలైన ఆ పరిశోధనలో లోయను మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. బడిపిల్లల మెడలు చూసి, తాకి, వాపు ఉన్నవారిని లెక్కపెట్టారు. ఆరేళ్లలో అయోడిన్ ఉప్పు తిన్న రెండు భాగాలలో వాపు గణనీయంగా తగ్గింది. మామూలు ఉప్పు తిన్న భాగంలో అటువంటి తగ్గుదల కనబడలేదు. ఆ తరువాత మూడో భాగానికి కూడా అయోడిన్ ఉప్పు ఇచ్చారు. 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. నేడు మన వంటింట్లో ఉన్న అయోడిన్ ఉప్పు వెనుక ఆ కృషి ఉన్నది.

గాయిటర్‌ను పరీక్షించే పద్ధతి నర్సులు, ఆశా కార్యకర్తలు నేర్చుకోదగినంత సులువు. మనిషిని వెలుతురులో కూర్చోబెట్టి, మెడ మామూలుగా నిలిపి చూడాలి. తరువాత గుటక వేయమని చెప్పి వేళ్లతో తాకాలి. అవటు గ్రంథి గుటకతో పాటు పైకి కదులుతుంది. వాపు తెలియకపోతే సున్నా శ్రేణి. తాకితే తెలిసి, చూపుకు కనబడకపోతే ఒకటో శ్రేణి. మెడ మామూలుగా ఉన్నప్పుడే కంటికి కనబడితే రెండో శ్రేణి.

ఉప్పు విషయంలో గృహిణులు ఒక జాగ్రత్త పాటించాలి. అయోడిన్ ఉప్పును మూత లేని జాడీలో ఉంచినా, తడి తగలనిచ్చినా, ఎండలో పెట్టినా అయోడిన్ తగ్గిపోతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచాలి.

5. మధుమేహం

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్లమందికి మధుమేహం ఉన్నది. పరగడుపున రక్తంలో చక్కెర డెసీలీటరుకు 126 మిల్లీగ్రాములు గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే, లేదా గత మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం గాని అంతకు మించి గాని ఉంటే మధుమేహంగా పరిగణిస్తారు. లక్షణాలు లేనప్పుడు రెండోసారి పరీక్షించి నిర్ధారిస్తారు. జాతీయ కార్యక్రమం కింద ముప్పై ఏళ్లు దాటిన అందరికీ పరీక్ష చేయవలసి ఉన్నది. గర్భిణులకు మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుండి 28 వారాల మధ్య మరొకసారి, 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తరువాత పరీక్షించాలి. 140 గాని అంతకు మించి గాని ఉంటే గర్భకాల మధుమేహంగా చూసుకోవాలి.

చక్కెర పడిపోవడం: రక్తంలో చక్కెర 70 కంటే తగ్గితే ప్రమాద సూచన, 54 కంటే తగ్గితే తీవ్రమైన స్థితి. చెమట, వణుకు, గుండెదడ, ఆకలి మొదట కనబడతాయి. తరువాత కోపం, తడబాటు, మగత, మూర్ఛ వస్తాయి. గుండెజబ్బుకు, బీపీకి ఇచ్చే కొన్ని మందులు వణుకును, దడను కప్పివేస్తాయి. అప్పుడు చెమటే మిగిలిన గుర్తు. రోగి మింగగలిగితే 15 గ్రాముల చక్కెర లేదా గ్లూకోజు, అంటే సుమారు మూడు చెంచాలు, నీళ్లలో కలిపి ఇవ్వాలి. పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్న తరువాత అన్నమో రొట్టెయో తినిపించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు; ఊపిరితిత్తులలోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోను చేయాలి. కొన్ని మాత్రల వల్ల పడిపోయిన చక్కెర ఒకసారి పెరిగినా కొన్ని గంటల తరువాత మళ్లీ పడిపోతుంది. వృద్ధులలో, మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఇది మరీ ఎక్కువ. “తేరుకున్నాడు గదా” అని ఇంటికి పంపివేయడం పొరపాటు.

సిరంజి పొరపాటు: మన దుకాణాలలో ఇన్సులిన్ రెండు బలాలలో దొరుకుతుంది. మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది మరొకటి. 40కి ఎర్రమూత సిరంజి, 100కు నారింజరంగు మూత సిరంజి వాడాలి. 100 బలం గల ఇన్సులిన్‌ను ఎర్రమూత సిరంజిలో 10 గీత వరకు తీస్తే ఒంట్లోకి పోయేది 10 యూనిట్లు కాదు, 25 యూనిట్లు. అటుది ఇటైతే 4 యూనిట్లే పోతుంది. మొదటి పొరపాటు ప్రాణం తీయగలదు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె రెండూ పైకి చదివిన తరువాతనే సూది ఎక్కించాలి. ఊరు మారి, దుకాణం మారి కొత్త సీసా కొన్న రోజున ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

నిలువ ఉంచడం: తెరవని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మంచుగడ్డ కట్టే అరలో ఉంచితే చెడిపోతుంది. తెరిచిన సీసాను నీడలో, చల్లని చోట ఉంచి, సాధారణంగా నాలుగు వారాలలోపు వాడాలి. మన ప్రాంతంలో వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో ఒక పెద్ద మట్టికుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక నింపి తడుపుతూ, గాలి ఆడే నీడలో ఉంచాలి. సీసాను నీరు చొరని సంచిలో మూటగట్టి లోపలి కుండలో పెట్టాలి. తేటగా ఉండవలసిన ఇన్సులిన్ మసకబారినా, పొడిపొడిగా గడ్డలు కట్టినా పారవేయాలి. రైలులో హైదరాబాదుకో నిజామాబాదుకో పోయేటప్పుడు ఇన్సులిన్‌ను చేతిసంచిలో ఉంచుకోవాలి. ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టరాదు.

పాదాలు: మధుమేహం నరాలను దెబ్బతీస్తే పాదానికి నొప్పి తెలియదు. నల్లరేగడి చేలో ముల్లు గుచ్చుకున్నా, చెప్పులో రాయి నలిగినా, వేడినీళ్లు కాలినా రోగికి తెలియకపోవచ్చు. నొప్పి లేదు గనుక ప్రమాదం లేదనుకోవడమే ప్రమాదం. రోజూ రాత్రి పాదాల అడుగుభాగం, వేళ్ల సందులు చూడాలి. వంగి చూడలేనివారు అద్దం కింద పెట్టుకోవచ్చు, లేదా ఇంటివారు చూడాలి. కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడవాలి. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు. కాళ్లను వేడినీళ్లలో పెట్టేముందు మరొకరు మోచేతితో వేడి చూడాలి. వట్టి కాళ్లతో నడవరాదు. గుడి దగ్గర, దర్గా దగ్గర విడిచిన చెప్పుల గురించి కూడా ఈ మాట గుర్తుండాలి, ఎండకు కాగిన రాయి కాలిని కాలుస్తుంది.

జ్వరం వచ్చిన రోజు, ఉపవాసం రోజు: తిండి లేదు గదా అని ఇన్సులిన్ పూర్తిగా మానివేయడం చాలామంది చేసే తప్పు. జ్వరంలో శరీరానికి ఇన్సులిన్ అవసరం పెరుగుతుంది. వాంతులు, కడుపునొప్పి, లోతైన వేగమైన శ్వాస, ఊపిరిలో మగ్గిన పండ్ల వాసన ఉంటే రక్తం ఆమ్లమయమవుతున్నదని అనుమానించి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. నవరాత్రులకు, ఏకాదశికి, రంజాన్‌కు ఉపవాసం ఉండదలచినవారిని నిందించి ప్రయోజనం లేదు. నిందిస్తే చెప్పకుండా ఉంటారు. ముందుగానే వైద్యుని దగ్గరకు పంపి మోతాదు మార్పించాలి. చక్కెర 70 కంటే తగ్గితే ఉపవాసం విరమించాలని ముందే ఒప్పించి ఉంచాలి.

6. అవటు గ్రంథి వ్యాధులు

హార్మోను తక్కువైనప్పుడు మనిషి నెమ్మదిస్తాడు. బరువు పెరగడం, చలి, మలబద్ధం, గొంతు బొంగురు, పొడిచర్మం, మరపు, దిగులు కలుగుతాయి. వయసు పైబడినవారిలో ఇదంతా ముసలితనమని, స్త్రీలలో బద్ధకమని కొట్టివేస్తారు. ఆ మాట అనేముందు టీఎస్‌హెచ్ పరీక్ష చేయించాలి. లెవోథైరాక్సిన్ మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకొని, అరగంట నుండి గంట వరకు టీ కూడా తాగరాదు. ఇనుము, కాల్షియం మాత్రలకు దీనికి మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. గర్భిణులకు ఈ మూడూ ఒకేసారి ఇస్తుంటారు కనుక ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని వేళలు విడదీసి చీటీ మీద రాసి ఇవ్వడం నర్సు బాధ్యత.

పసిపిల్లల విషయంలో కాలమే అన్నిటికంటే విలువైనది. పుట్టుకతో థైరాయిడ్ లోపం వచ్చే శిశువు సుమారు వెయ్యిమందిలో ఒకరు ఉంటారు. పుట్టినప్పుడు బిడ్డ చాలావరకు మామూలుగానే కనబడుతుంది. మడమ నుండి రెండు చుక్కల రక్తం తీసి పరీక్షిస్తే తెలుస్తుంది. మొదటి రెండు వారాలలో మందు మొదలుపెడితే బిడ్డ సాధారణంగా తోటివారితో సమానంగా ఎదుగుతుంది; ఆలస్యమైతే పోయిన తెలివితేటలను ఏ మందూ తిరిగి తేలేదు. కామెర్లు ఎన్నాళ్లకూ తగ్గకపోవడం, పాలకు లేవకుండా నిద్రపోవడం, బొంగురు ఏడుపు, మలబద్ధం, పెద్ద నాలుక, బొడ్డు ఉబ్బడం ఉంటే ఒక్కరోజు కూడా ఆగరాదు. “ఎంత బుద్ధిమంతుడో, ఏడవనే ఏడవడు” అని మురిసిపోయే బిడ్డను కూడా ఒకసారి పరిశీలనగా చూడాలి.

హార్మోను ఎక్కువైనప్పుడు బాగా తింటున్నా బరువు తగ్గడం, దడ, వణుకు, ఉక్క, నిద్రలేమి, కళ్లు పొడుచుకురావడం కనబడతాయి. రోగిని చల్లని నిశ్శబ్దమైన గదిలో ఉంచాలి. నిద్రలో ఉన్నప్పుడు కూడా నాడి లెక్కపెట్టాలి. ఆందోళన వల్ల కలిగే దడ నిద్రలో తగ్గుతుంది, ఇది తగ్గదు. దీనికి ఇచ్చే కార్బిమజోల్ వంటి మందు వాడుతున్నవారికి జ్వరం, గొంతునొప్పి వస్తే మామూలు జలుబుగా భావించరాదు. మాత్ర ఆపి, అదేరోజు రక్తకణాల పరీక్ష చేయించాలి.

అవటు గ్రంథి శస్త్రచికిత్స తరువాత మొదటి రోజు నర్సు కన్ను మెడను విడవరాదు. రక్తం కట్టు మీద కనబడకుండా మెడ వెనుకకు జారవచ్చు. చేయి పెట్టి చూడాలి. శ్వాసలో గురక, గొంతులో మార్పు గమనించాలి. మూతి చుట్టూ, వేళ్ల చివరలలో తిమ్మిరి అంటే కాల్షియం పడిపోతున్నదని గుర్తించి వెంటనే వైద్యునికి తెలపాలి.

7. అధివృక్క గ్రంథి, పీయూష గ్రంథి

స్టెరాయిడ్ మందు మూడు వారాలకు మించి వాడితే అధివృక్క గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి. ఆ మందును హఠాత్తుగా ఆపితే శరీరానికి రెండు ఆధారాలూ ఉండవు. వాంతులు, విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం, చక్కెర పడిపోవడం కలిగి ప్రాణాపాయం ఏర్పడుతుంది. పేరులేని నొప్పి పొట్లాలలో కూడా స్టెరాయిడ్ ఉండవచ్చు. ముఖం గుండ్రంగా ఉబ్బి, కాళ్లు చేతులు సన్నబడి, పొట్ట మీద ఊదారంగు చారలు ఉన్న రోగిని మందుల గురించి ఓపికగా అడగాలి. “అవి మానేయండి” అని గద్దించి పంపడం హితం చేసినట్లు కాదు. నెమ్మదిగా తగ్గించడానికి వైద్యుని దగ్గరకు పంపాలి. దీర్ఘకాలం వాడేవారు ఆ సంగతి రాసిన చీటీని జేబులో ఉంచుకోవాలి. జ్వరం, దెబ్బ, శస్త్రచికిత్స సమయాలలో మోతాదు పెంచవలసి ఉంటుందని వారికి తెలిసి ఉండాలి.

పీయూష గ్రంథి వ్యాధిని ఒక్క ప్రశ్నతో పట్టుకోగల సందర్భం ఉన్నది. కాన్పులో రక్తం విపరీతంగా పోయినప్పుడు ఆ గ్రంథికి రక్తం అందక దెబ్బతినవచ్చు. ఆ తల్లికి పాలు పడవు. నెలసరి తిరిగి రాదు. నీరసం, చలి ఏళ్లతరబడి ఉంటాయి. రక్తం తక్కువని బలం మందులు వాడుతూనే ఉంటుంది. “అమ్మా, చివరి కాన్పులో రక్తం ఎక్కువగా పోయిందా? బిడ్డకు పాలు పడ్డాయా?” అని ఆప్యాయంగా అడిగితే ఏళ్ల చిక్కుముడి విడిపోవచ్చు. ఇటువంటి రోగికి స్టెరాయిడ్ లోపాన్ని ముందు సరిచేసి, తరువాతనే థైరాయిడ్ మాత్ర మొదలుపెడతారు. క్రమం తప్పితే ప్రమాదం. కనుక నర్సు రాసిన కాన్పు వివరం వైద్యునికి ఎంతో విలువైనది.

8. రాసి ఉంచడం

నర్సు రాత్రి విధి ముగించి వెళ్లేటప్పుడు తరువాతి నర్సుకు అప్పగించేది మంచం సంఖ్య ఒక్కటే కాదు. చక్కెర ఎంత, ఇన్సులిన్ ఎంత, ఎప్పుడు, రోగి ఎంత తిన్నాడు అనే నాలుగు సంగతులు ఒకే వరుసలో ఉండాలి. ఇంట్లో కూడా ఒక నోటుపుస్తకం పెట్టి ఇదే వరుస పాటించవచ్చు. ఏ భాషలో రాసినా అంకెలు, వేళలు, మందు పేర్లు స్పష్టంగా ఉంటే నాందేడ్‌లోని వైద్యునికైనా, హైదరాబాదులోని వైద్యునికైనా అది అక్కరకు వస్తుంది.

పునశ్చరణ ప్రశ్నలు

1. మొదటి ఉదాహరణలోని పెద్దాయన స్పృహ తప్పిన తరువాత మీరు ఆ ఇంటికి చేరారు. ఇంటివారు నోట్లో చక్కెర నీళ్లు పోయబోతున్నారు. మీరేమి చేస్తారు?
2. 100 బలం గల ఇన్సులిన్ సీసా, ఎర్రమూత సిరంజి మీ చేతికి ఇచ్చారు. ఎందుకు వాడరాదు?
3. గర్భిణి థైరాయిడ్ మాత్ర, ఇనుము మాత్ర ఉదయం ఒకేసారి వేసుకుంటున్నది. ఆమెకు ఏమి చెబుతారు?
4. పాదంలో నొప్పి లేదని చెప్పే మధుమేహ రోగి పాదాలను చూడవలసిన అవసరం ఏమిటి?
5. మీ ఇంట్లో గాని, పొరుగున గాని మధుమేహానికి మందు వాడేవారు ఒకరిని తలచుకోండి. వారు నిన్న రాత్రి ఎప్పుడు తిన్నారో, ఎంత మందు తీసుకున్నారో మీకు తెలుసా?

మొదటి నాలుగింటికి జవాబులు ఈ పాఠంలోనే ఉన్నాయి. ఐదో ప్రశ్నకు జవాబు తెలియనివారు ఈ రాత్రి భోజనాల వేళ అడిగి తెలుసుకోవాలి.